ఇంట్లోనే చేసుకుంటే ఎంతవుతాది?

మా పెద్ద షడ్డకుడు హోటల్లో మెనూ కార్డును ఉర్దూ చదివినట్టు కుడి నుంచి ఎడమకు చదువుతాడు. ముందు ధర, తర్వాత పదార్థం. కర్నూలు పాత ఊళ్లో పుట్టి పెరిగిన మనిషి కాబట్టి ఆ లిపి అలవాటేమో అనుకున్నాను మొదట్లో. కాదు. ధర కంటపడగానే కళ్లు మూసుకుంటాడు. పెదవులు కదులుతాయి. బొటనవేలు మిగతా వేళ్ల కణుపుల మీద జపం చేసినట్టు తిరుగుతుంది. జపం పూర్తయ్యాక నా వైపు వంగి, సర్వరుకు వినపడేంత రహస్యంగా అడుగుతాడు: "తమ్ముడూ, ఇదే ఇంట్లో చేసుకుంటే ఎంతవుతాది?"

పిసినారి అనుకునేరు. పిసినారికి ఖర్చంటే భయం. ఈయనకు ఆ భయం లేదు. హోటలువాడు వంద అడిగిన చోట మూడొందలు పెట్టి ఇంట్లో చేస్తాడు. ఆ వంద మాత్రం హోటలువాడికి దక్కనివ్వడు. పైగా జూనియర్ కాలేజీలో కామర్స్ లెక్చరరు. ఏ పద్దు ఎటువైపు రాస్తే ఇంటికి లాభం కనిపిస్తుందో ఆయనకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు.

బజారులో నన్నారి షర్బత్ గ్లాసు ఇరవై అన్నారని ఒక ఎండాకాలం సుగంధిపాల వేర్లు రెండు కిలోలు తెచ్చాడు. ఎండబెట్టి, దంచి, నానబెట్టి, పాకం పట్టి నింపితే పదకొండు సీసాలయ్యాయి. మా వదిన ఆ యేడంతా వచ్చినవాళ్లకూ పోయినవాళ్లకూ, చివరికి గ్యాసు బండ తెచ్చిన పిల్లోడికీ అదే పోసింది. ఇంకో యేడు మందీ. అరబ్బులు దాన్ని గుంతలో వండుతారని ఎవరో చెప్పారు. పెరట్లో తవ్వకం మొదలైంది. మన నేల సంగతి తెలిసిందేగా, రెండడుగులకే బండ తగిలింది. బండ కొట్టడానికి ఇద్దరు మనుషులు, రెండు రోజుల కూలి. మందీ కుదరలేదు. గుంత ఇంకుడుగుంతగా పనికొస్తుందని దాన్ని లాభం కింద రాసుకున్నాడు.

ఇక అసలు కథకొస్తాను. ఆయన కూతురు హైదరాబాదులో ఉద్యోగమొచ్చాక మొదటి జీతంతో అందరినీ ఒక పెద్ద హోటలుకు తీసుకుపోయి ట్రఫుల్ పాస్తా తెప్పించింది. ట్రఫుల్ అనగానే మా అత్త బేకరీలో అరకిలో లెక్కన అమ్మే చాక్లెట్ కేకు అనుకుని, "అన్నానికి ముందే తీపేందే?" అంది. ఆ చాక్లెట్‌కు ఆ పేరు వచ్చింది రూపాన్ని బట్టేననీ, అసలు ట్రఫుల్ అంటే చెట్ల వేళ్ల దగ్గర, మట్టిలోపల పెరిగే ఒక రకం పుట్టగొడుగనీ మనవరాలు వివరించింది. ప్లేటు వచ్చింది. గుప్పెడు సేమియా పోగు, దాని మీద నల్లగా మూడు చెక్కులు, గోళ్లు కత్తిరించి చల్లినట్టు. అన్న కార్డు తిరగేశాడు. 895. పన్ను వేరే.

"పుట్టగొడుగు సేమియాకా!" అన్నాడు. ఆ తర్వాత భోజనమయ్యేదాకా మాట్లాడలేదు. జపంలో ఉన్నాడు.

తిరుగు ప్రయాణంలో కారు ముందు సీట్లో కూర్చుని లెక్క కట్టాడు. జడ్చర్ల దాటేసరికి ప్లేటు ధర సగానికి వచ్చింది. పెబ్బేరు దగ్గర మూడోవంతయింది. తుంగభద్ర వంతెన ఎక్కేటప్పటికి 140కి దిగింది. ఇంకో యాభై కిలోమీటర్లు పోయి ఉంటే హోటలువాడే మనకు ఎదురిచ్చేవాడు.

మరుసటి ఆదివారం పాలలెక్క పుస్తకం వెనక అట్ట మీద మూడు బడ్జెట్లు తయారయ్యాయి. ఆయన పెట్టిన పేర్లే చెబుతున్నాను: కూలోని పద్దు, గుమాస్తా పద్దు, కంట్రాక్టరు పద్దు. మా సీమలో సంపదకు కొలమానం కంట్రాక్టరే. రాజులు, జమీందార్లు ఆ తర్వాత.

కూలోని పద్దులో బాంబినో మాకరోనీ, బటన్ పుట్టగొడుగులు, వెల్లుల్లి, వెన్న, మిరియాలు. ఇక్కడ ఆయనకో గర్వకారణం కూడా దొరికింది. బాంబినో అంటే ఇటలీ భాషలో చంటిపిల్లాడట. "సూడు తమ్ముడూ, ఇటలీ మనింట్లో ఎప్పట్నుంచో పాయసంలో ఉడుకుతాంటే, మనం పోయి హైదరాబాదులో దుడ్లు తగలేసి వస్తిమి." నిజానికి ఈ పద్దు దగ్గర ఆగిపోయి ఉంటే అందరం సుఖపడేవాళ్లం. వెన్నలో వెల్లుల్లి వేగి, పుట్టగొడుగుల నీరు ఇగిరి, పైన మిరియాలు పడితే అది బాగుండే కూరే. కానీ అందులో ట్రఫుల్ లేదు. ట్రఫుల్ లేకపోతే హోటలువాడి మీద గెలుపెక్కడిది?

అందుకని ముందు కంట్రాక్టరు పద్దు పట్టుకున్నాడు. నాకు పొద్దున ఐదున్నరకు ఫోన్లు మొదలయ్యాయి.

"తెల్లది ఇటలీలో ఆల్బా అనే ఊరి దగ్గర దొరుకుతాదంట. నల్లది ఫ్రాన్సులో. 2007లో కిలోన్నర గడ్డ ఒకటి మకావులో జూదశాలలు నడిపే స్టాన్లీ హో అనే ఆయప్ప వేలంలో పాడినాడు. ఎంతనుకుంటాండావు? 3,30,000 డాలర్లు!"

అప్పటి మారకంలో కోటీ ముప్పై లక్షలు. అన్న గొంతులో ఈర్ష్య లేదు, బాధ ఉంది. ఆయప్పకు ఇంట్లో చేసుకోమని చెప్పే షడ్డకుడు లేకపోయాడే అన్న బాధ.

మర్నాడు ఫోను: వెతకడానికి ముందు పందులను వాడేవాళ్లట, ఇటలీలో వాటికి సెలవిచ్చి కుక్కలను పెట్టారట. పంది దొరికింది దొరికినట్టు మింగేస్తుంది కదా. కుక్కయితే బిస్కెట్టుకు ఒప్పుకుంటుంది. ఆ వారమంతా వాళ్ల వీధి కుక్కకు మర్యాద పెరిగింది.

మూడో రోజు ఫోను ఇంకా పొద్దున్నే వచ్చింది. గొంతు వణుకుతోంది. "తమ్ముడూ, ట్రఫుల్‌కు ఏం నేల కావాల్నో తెలుసునా? సున్నపు నేల!"

ఇది విన్నాక ఆయన్ను పట్టుకోవడం ఎవరి తరం? బేతంచెర్ల నాపరాయి, కడప బండలు, ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీలు, అంతా సున్నపురాయే గదా. భూగర్భంలో మనకు అన్నీ ఉన్నాయి. ఓక్ చెట్టు, హేజెల్ చెట్టు లేవు. చలి లేదు. మే నెలలో 43 డిగ్రీలు ఉంది. ఈ చివరి మూడింటిని ఆయన చిల్లర అడ్డంకుల కింద తీసేశాడు.

నవ్వకండి. తుగ్గలి, జొన్నగిరి పొలాల్లో తొలకరి పడగానే ఏం జరుగుతుందో చూసినవాడెవడూ నవ్వడు. ఎక్కడెక్కడి నుంచో జనం సద్దిమూటలతో దిగి, చెట్ల కింద మకాం పెట్టి, ఎర్రమట్టి మీద నడుం వంచి వజ్రాలు వెతుకుతారు. ఒక్క రాయి దొరికితే పేపర్లో పడుతుంది. దొరకనివాళ్లు పేపర్లో పడరు. అన్న కూడా పెళ్లయిన కొత్తలో వదినను వెంటబెట్టుకుని ఒక జూన్లో పోయి, మూడు రోజులు వెతికి, ఒక గాజుపెంకు, రెండు వడదెబ్బలు తెచ్చుకున్నాడు. ట్రఫుల్‌ను వంటింటి వజ్రం అనే అలవాటు ఫ్రెంచివాళ్లకు రెండు వందల ఏళ్ల నుంచీ ఉందని ఆయనకు నేను చెప్పలేదు. చెబితే ఏమవుతుందో నాకు తెలుసు.

చివరికి గుమాస్తా పద్దు ఖాయమైంది. అంటే ట్రఫుల్ బదులు ట్రఫుల్ నూనె. బొటనవేలంత సీసా, 780 రూపాయలు. దాని సంగతి నేనే చెప్పాల్సి వచ్చింది. ఈ నూనెల్లో చాలావాటికి ట్రఫుల్‌తో చుట్టరికమే లేదు. ఆ గడ్డ వాసనల్లో ముఖ్యమైన ఒకదాన్ని, 2,4-డైథయాపెంటేన్ అనే గంధకపు పదార్థాన్ని, ల్యాబులో తయారుచేసి ఆలివ్ నూనెలో కలుపుతారు. అన్న సీసా వెనక చిన్నక్షరాలు చదివాడు. మొహం కొంచెం వాడింది. వెంటనే తేరుకున్నాడు. "అయితే హోటలువాడు గూడా ఇదే చుక్కేసింటాడు. సరిపాయ."

వంట రోజు ఎనిమిది మందిమి. పొడవాటి పాస్తా విరవకూడదు, పడుకోబెట్టాలని 1,150 పెట్టి వెడల్పాటి గిన్నె కొన్నాడు. ఇంట్లో ఉన్న సంగటి తపేలా పనికిరాదట. చీజు తురమడానికి ఒక తురుముడుపీట, 199. చీజు 690, పాస్తా 240, పుట్టగొడుగులు 150, క్రీము 75, వెన్న 60. పుస్తకం పొయ్యి పక్కనే ఉంది. ఒక్కో వస్తువు గిన్నెలో పడుతుంటే అక్కడ టిక్కు పడుతోంది.

నీళ్లు మరిగాయి. పాస్తా పడింది. ఎనిమిది నిమిషాలకు అన్న దించబోతుంటే మా అత్త ఒక పోగు తీసి, వేళ్ల మధ్య నలిపి, నోట్లో వేసుకుంది.

"ఇంకా పలుకుండాది నాయనా. ఉడకలా."

"పలుకుండాలత్తా. అదే పద్ధతి. ఇటలీలో పలుకు మీదనే దించుతారు."

"వాళ్లకు అరుగుతాదేమో. మనకు కడుపునొప్పి వస్తాది." ఆమె నలభై ఏళ్లుగా కొత్త కోడళ్లను ఈ ఒక్క మాట మీదనే దిద్దుతోంది. ఇప్పుడు అల్లుడు అదే తప్పును పద్ధతి అంటున్నాడు. ఏమనలేక వాకిట్లోకి పోయింది.

పోయినావిడ రెండు నిమిషాల్లో పరుగున వచ్చింది. అప్పటికే అన్న నూనె సీసా మూత తీసి, చుక్కలు లెక్కపెట్టి పోస్తున్నాడు. అత్త ఎవరి మాటా వినకుండా సిలిండరు కట్టేసి, కిటికీలు బార్లా తెరిచి, "అందరూ బయటికి పాండి! గ్యాసు లీకయితాండాది! లైటు ముట్టుకోవాకండి!" అని కేక పెట్టింది. పక్కింటివాళ్లు గోడ మీదుగా తొంగి చూశారు. ఆమె ముక్కు తప్పేమీ లేదు. వంటగ్యాసుకు వాసన ఉండదు. లీకయితే తెలియాలని అందులో కలిపేది కూడా గంధకపు సరుకే. రెండూ ఒకే కులం. కాకపోతే దీన్ని మనం 780 పెట్టి తెచ్చుకున్నాం.

అందరం మళ్లీ లోపలికి వచ్చి కూర్చున్నాం. తలా ఇంత పెట్టాడు. తిన్నాం. నేను పెద్దగా చెప్పడానికేమీ లేదు. పిల్లలు బాగుందన్నారు, మామ మజ్జిగ అడిగాడు.

ఆ వారం మా చిన్నత్త వచ్చి ఉంది. అత్తకు చెల్లెలు, రాయచోటి పక్క పల్లె. ఆ పక్క నుంచి, రాజంపేట, కోడూరు నుంచి కువైట్‌కు పోనివాళ్ల ఇల్లు వెతుక్కోవాలి. ఈమె అక్కడ ఒక అరబ్బు ఇంట్లో పదిహేడేళ్లు వంట చేసి వచ్చింది. ఎప్పుడూ మూలన కూర్చుని వక్కాకు నములుతుంది. అడిగితే తప్ప కువైట్ మాట ఎత్తదు, మనం అడిగేదీ బంగారం గురించే. అన్న ఫోనులో ట్రఫుల్ బొమ్మ అందరికీ తిప్పి చూపిస్తుంటే ఆమె దగ్గరికీ వచ్చింది. కళ్లద్దాలు పైకి జరిపి చూసింది.

"ఇదా? ఇది ఫగా గదా."

"ఏందీ?"

"ఫగా. కువైట్లో చలికాలం వస్తాది. ఎడారిలో వానలు పడినంక ఇసక పగిలి ఉబ్బుతాది, తవ్వి తెస్తారు. మనది ఇంత నల్లగుండదు. తెల్లగుండేదాన్ని జుబైదీ అంటారు, అది మంచి రకం. ఉరుములు బాగా ఉరిమితే బాగా పుడతాదని వాళ్లంటారు. మన ఊర్లో గూడా పుట్టగొడుగులకు అట్లనే అంటారు గదా. మాంసంలో ఏస్తారు, అన్నంలో ఏస్తారు. మా మామా అయితే ఉత్తగా ఉడకబెట్టి ఉప్పేసుకోని తినేది." అక్కడి యజమానురాలిని వాళ్లు మామా అంటారు. మా మామ ఒక్క క్షణం తలెత్తి చూసి మళ్లీ మజ్జిగలో పడ్డాడు.

గది నిశ్శబ్దమైంది. ఐరోపా గడ్డా ఎడారి గడ్డా ఒకటి కాదు. అవి వేరే జాతులు, ఎడారిదానికి ఆ ఘాటు వాసన ఉండదు. అయినా నేలలోపల పుట్టే ఆ వంశాన్ని చేత్తో పట్టుకున్న మనిషి, మూడు వారాలుగా ఐదున్నరకు నన్ను నిద్రలేపుతున్న సంగతులన్నీ తెలిసిన మనిషి, ఇంట్లోనే, ఆ మూలనే ఉంది. అన్న కలం మూత తీశాడు.

"చిన్నత్తా, ఆడ కిలో ఎంత?"

"నాకేం తెలుసు నాయనా? నేనేమన్నా కొన్న్యానా? నేను కడిగినా."

కలం ఆగింది.

"సందుసందునా ఇసకుంటాది దానికి. ఒక్క రవ్వ పంటికింద పడినా సావగొడతారు. బేసిన్లు బేసిన్లు తెచ్చి పోసేవాళ్లు. గోరుతో గీకల్ల, బ్రష్షుతో రుద్దల్ల, నీళ్లు మార్చల్ల. ఏడు నీళ్లు, ఎనిమిది నీళ్లు. ఆ చలిలో చేతులు మొద్దుబారిపోయేవి." రెండు చేతులూ ముందుకు చాపి చూసుకుంది, ఇసక ఇంకా ఉందేమో అన్నట్టు. "తిన్న్యా గూడా. గిన్నెలో అడుగున మిగిలింది. బాగుంటాది. ఉడకేసిన ఉర్లగడ్డ మాదిరి."

తర్వాత పుస్తకం తీసుకుని, వేలు పెట్టి ఒక్కో వరుసా చదివింది. చిన్నత్తకు లెక్కలు బాగా వచ్చు, పదిహేడేళ్లు ఇంటికి డబ్బు పంపిన మనిషి. మొత్తం 3,344. అందులో గిన్నె, తురుముడుపీట ఆస్తి కింద పక్కన పెట్టి, మిగిలిన 1,995ని ఎనిమిదితో భాగిస్తే మనిషికి 250. హోటల్లో 895. కింద రెండు గీతలు గీసి, నికర లాభం అని రాసి ఉంది.

"అంతా బాగనే రాసినావు గానీ, బోకులు తోమిన కూలి యాడ?"

అన్న వంటింటి వైపు చూశాడు. నేనూ చూశాను. వదిన చీర కుచ్చిళ్లు బొడ్లో దోపుకుని తొట్టి దగ్గర నిలబడి ఉంది. వెడల్పాటి గిన్నె తొట్టిలో పట్టక సగం బయటికుంది. అడుగున క్రీము మాడి నల్లగా అంటుకుంది. తురుముడుపీట పళ్లల్లో చీజు బిగుసుకుంటే పిన్నీసుతో తీస్తోంది. పక్కన ఇంకా పద్నాలుగు గిన్నెలు.

అన్న చాలాసేపు అటే చూశాడు. పెళ్లయి ఇరవై ఆరేళ్లు. ఆయన కళ్లలో ఏదో కదిలిందనే అనిపించింది నాకు. నెమ్మదిగా కళ్లు మూసుకున్నాడు. పెదవులు కదిలాయి. బొటనవేలు కణుపుల మీదికి పోయింది.

"తమ్ముడూ," అన్నాడు గొంతు తగ్గించి, "బోకులు తోమే మిషను షాపులో ముప్పై వేలకు పైనే చెబుతాండారు. లోపల ఏముంటాది చెప్పు? ఒక మోటరు, నాలుగు పైపులు..."