పొగ

ఫొటో తీసిన వెంటనే కెమెరా వెనక తెర చూసుకునేవాళ్లంటే మా బాబాయ్‌కి చిన్నచూపు. "రీలుకి 36 ఫొటోలు వచ్చే రోజుల్లో నేర్చుకున్న విద్యరా ఇది. చూడాల్సింది తీసేముందు, తీశాక కాదు" అంటాడు. డిజిటల్ కెమెరా కొన్నా పద్ధతి మారలేదు. కంటికి ఆనించి, ముక్కు చప్పిడయ్యేలా వెనక తెరకేసి నొక్కి, ఊపిరి బిగబట్టి మరీ తీస్తాడు.

ఆగస్టులో టోక్యోలో నా దగ్గరికి వచ్చినప్పుడు ఆయన్నీ పిన్నినీ ఐజు వకామత్సు తీసుకెళ్లాను. కొరియామా దాకా షింకన్‌సెన్, అక్కడినుంచి మామూలు రైలు. దిగగానే ఎండకి జడిసి పిన్ని ఆయన మొహానికి సన్‌స్క్రీన్ సున్నం కొట్టినట్టు పట్టించింది.

పొద్దునంతా త్సురుగా కోట దగ్గరే. 1868లో అంతర్యుద్ధంలో సామ్రాట్టు పక్షం సేనలు ముట్టడించిన కోట అది. నెల రోజులు ఫిరంగి గుండ్లు తిన్నా కూలలేదు. చివరికి లొంగిపోయింది. కొత్త ప్రభుత్వమే 1874లో పడగొట్టించింది. ఇప్పుడున్నది 1965లో కాంక్రీటుతో కట్టింది. "కాంక్రీటైతేనేం, ఫొటోలో తెలుస్తుందా" అంటూ బాబాయ్ అగడ్తలో నీడతో సహా కోటని తీశాడు. 2011లో పాతకాలం నాటిలాగే వేసిన ఎర్ర పెంకులు తీశాడు. రాతిగోడలైతే లెక్కే లేదు.

మధ్యాహ్నం ఈమోరి గుట్ట. ఎక్కేవాళ్లకి దిగేవాళ్లు ఎదురుపడకుండా 1796లో మెలికల దారితో కట్టిన సజాయెదో అనే చెక్క మందిరం ఉందక్కడ. అదీ తీశాడు. ఇంకాస్త పైన 19 సమాధులు.

సమాధుల దగ్గర పిన్ని ఆగిపోయింది. కథ చెప్పాను. బ్యక్కొతాయ్ అని, ఐజు సమురాయ్ ఇళ్ల పిల్లల దళం. పదహారు, పదిహేడేళ్లవాళ్లు. యుద్ధంలో ఓడి, కాలవ సొరంగంలోంచి నడుచుకుంటూ ఈ గుట్ట మీదికి చేరారు. కింద ఊరు తగలబడుతోంది. ఆ పొగలో కోట కూడా పోయిందనుకున్నారు. కోటే లేనప్పుడు తామెందుకని కత్తులతో పొడుచుకున్నారు. ఒక్కడే బతికాడు, ఈనుమా సదాకిచి. తర్వాత టెలిగ్రాఫ్ శాఖలో పనిచేసి 1931లో పోయాడు. ఆవేళ కోట మాత్రం చెక్కుచెదరలేదు.

పిన్ని కళ్లొత్తుకుంది. "ఏ తల్లి కన్న బిడ్డలో!"

"తొందరపాటు!" అన్నాడు బాబాయ్. "పొగ కనిపిస్తే కోట పోయినట్టేనా? ఒకణ్ణి కిందికి పంపి కనుక్కోవద్దూ? నేనైతే కళ్లారా చూస్తే గానీ నమ్మను."

చెయ్యి కనుబొమ్మల మీద పెట్టుకుని కోటకేసి చూస్తున్న కుర్రాడి విగ్రహం ఉంటుందక్కడ. అదే దిక్కుకి బాబాయ్ కెమెరా ఎత్తాడు. ఊరి ఇళ్ల మధ్య కోట గోరంత. వచ్చిందో లేదోనని, పొద్దుట్నుంచీ మొదటిసారి, వెనక తెర చూశాడు.

అంతా మసక. వెనక్కి జరిపాడు. సజాయెదో మసక. ఎర్ర పెంకులు మసక. అగడ్తలో నీడ సంగతి చెప్పనే అక్కర్లేదు.

"పోయింది! లోపలేదో పోయింది. పొద్దుట్నుంచీ తీసినవన్నీ చెత్తే!" మొహం కందగడ్డ చేసుకుని, కెమెరా అమ్మినవాణ్ణి వాడి వంశంతో సహా తిట్టాడు. "ఈ దరిద్రం మొయ్యడం దేనికి?" అని, నేను నోరు తెరిచేలోపే కార్డు మొత్తం చెరిపేశాడు.

పిన్ని మెల్లిగా ఆయన చేతిలోంచి కెమెరా తీసుకుంది. తెరంతా జిడ్డుగా ఉంటే కొంగుతో శుభ్రంగా తుడిచి మళ్లీ ఇచ్చింది.

"పోతే పోయాయి లెండి. ఆ అబ్బాయి పక్కన నన్నొక్కటి తియ్యండి."

గొణుక్కుంటూనే తీశాడు. తెర వంక చూసి, చూపు తిప్పుకోలేదు. పిన్ని వచ్చి ఆయన భుజం మీదుగా తొంగి చూసింది.

"అబ్బ, అద్దంలా వచ్చిందండీ! పొద్దున తీసినవి కూడా ఓసారి చూపించండి."