పాత ఫైళ్ల దశదినకర్మ: టీకా తాత్పర్యం

మూలం: అక్కరలేని పాత ఫైళ్లు తొలగింపబడును. సమ్మతమా? అవును / కాదు.

అవతారిక: కంప్యూటర్‌లో కొత్త ఆపరేటింగ్ సిస్టం ఎక్కించే వేళ తెరమీద ఇంచుమించు ఈ ధోరణిలో ప్రశ్న వెలుస్తుంది. ప్రతిపదార్థం సుగమం కనుక టీకాకారుడు దాని జోలికి పోలేదు. మూలంలో లేనిది రాయనని మెదక్ సీమ వ్యాఖ్యాత మల్లినాథసూరి ప్రతిన పట్టాడు. ఈ టీకాకారునికి అంత నిగ్రహం లేదు.

టీక: అక్కరలేదన్నది ఎవరు? డెబియన్, ఉబుంటు సిస్టంలలో లెక్క సూటిగానే ఉంటుంది. వేరొక ప్యాకేజీ కోసం తోడుగా వచ్చినది, ఇప్పుడు దాన్ని ఇంకేదీ అడగకపోతే అక్కరలేనిదవుతుంది. అంటే యంత్రం పద్దు చూస్తుంది, మనిషి పని చూడదు. తొలగించడమంటే? పాణిని లోపమంటే కనబడకపోవడమే అన్నాడు (1.1.60). రెండు సూత్రాలు దాటగానే, ప్రత్యయం లోపించినా దాని కార్యం ఆగదన్నాడు. హార్డ్ డిస్క్ శుద్ధ పాణినీయం: చెరిపితే పట్టికలో పేరు పోతుంది, మరొకటి పైన పడేదాకా సరుకు అక్కడే ఉంటుంది.

విండోస్‌ది మరీ శ్రాద్ధకల్పం. పాత సిస్టం 'విండోస్.ఓల్డ్' ఫోల్డర్‌లో పది దినాలుండి తర్వాత తనంతట తానే పోతుంది. 2016కు ముందైతే మాసికం దాకా ఆగేది. విండోస్‌లోని డిస్మ్ అనే పనిముట్టుకు ఆదేశమిస్తే గడువును 2 నుంచి 60 రోజుల దాకా మార్చుకోవచ్చట. ధర్మశాస్త్రాల్లోనూ ఇంత వెసులుబాటు లేదు.

ఇక్కడ గుంజాల ప్రస్తావన అవసరం. నిజానికి అవసరం లేదు, టీకాకారునికి ప్రీతి. ఆదిలాబాద్ జిల్లా నార్నూర్ మండలంలోని ఆ ఊళ్లో గోండీ భాషకే చెందిన సొంత లిపిలో చేతిరాత ప్రతులు దొరికాయి. పరిశోధకులు వెళ్లేనాటికి దాన్ని చదవగలిగినవాళ్లు కొద్దిమంది పెద్దలే. అప్పుడెవరైనా పద్దు తీసి చూస్తే, ఈ లిపిని అడిగేవాళ్లు శూన్యమని తేలేది, ఎవరో ఒకరు 'అవును' నొక్కేవారు. ఆ పెద్దలు నొక్కలేదు. 2018 జూన్‌లో యూనికోడ్ 11.0 గుంజాల గోండికి ప్రత్యేకంగా చోటిచ్చింది. నోటో ఫాంట్ల కుటుంబంలో దానికొక ఫాంటూ వచ్చింది. కొత్త సిస్టం ఎక్కించుకుంటే లాభమేమిటని అడిగేవారికి టీకాకారుడు చూపే ఉదాహరణ ఇదొక్కటే.

అసలు సంగతికి వస్తే, కరీంనగర్ డీటీపీ దుకాణాల్లో కథ తిరగబడుతుంది. యూనికోడ్‌కు ముందటి తెలుగు ఫాంట్లు ఇంగ్లిష్ అక్షరాల గదుల్లో తెలుగు రూపాలను కూర్చోబెట్టాయి. సీ డ్రైవ్ ఫార్మాట్ కొట్టి కొత్త విండోస్ ఎక్కించాక ఆ ఫాంటు మళ్లీ వేయకపోతే, ఇరవై ఏళ్ల పెళ్లిపత్రికల ఫైళ్లు తెరిచినప్పుడల్లా ఇంగ్లిష్ గజిబిజే. "గిదేంది సార్, మా తాత పేరు గిట్లైంది?" ఫైలుంది, అర్థం పోయింది. ఇలాంటి లోపానికి అష్టాధ్యాయిలో కూడా సూత్రం కనబడదు. ఇన్ని సమ్మతులు అడిగే తెర, ఈ ఒక్క ముక్క ముందే చెప్పకూడదా?

చెప్పేవాళ్లున్నారు. ఫ్రీబీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టం వాళ్లు 'అబ్సొలీట్‌ఫైల్స్.ఇంక్' అనే జాబితాలో ఏ ఫైలు ఎప్పుడు పాతబడిందో తేదీతో, కారణంతో రాసిపెడతారు. 'మేక్ డిలీట్-ఓల్డ్' అంటే ఒక్కో ఫైలుకూ అనుమతి అడుగుతుంది. పాత లైబ్రరీలను మాత్రం విడిగా ఉంచుతారు, పాత ప్రోగ్రాములేవైనా వాటినే పట్టుకుని బతుకుతుంటాయేమోనని.

ఇక కరీంనగర్ దుకాణంలో ఫార్మాట్ కొట్టకుండా ఎక్కించినా, 120 జీబీ డిస్కులో విండోస్.ఓల్డ్ ఇరవై జీబీ మింగడం మామూలే కనుక, మూలంలోని 'కాదు' అనే శాఖను అక్కడ ఎవరూ అధ్యయనం చేయరు.