కరవు మామయ్యగారు

మా గోదావరి డెల్టాలో ఏ యూరికి బోయినను, కాఫీ హోటలు అరుగుమీద ఒక కరవు మామయ్యగారు దర్శనమీయక మానరు. బొజ్జ ముందును, తాము వెనుకను మెట్లెక్కి, కుర్చీ మూలుగునట్లు కూర్చుండి, ఉత్తరీయముతో విసరుకొనుచు, "మనుషులు కరవైపోయారోయ్ అబ్బాయీ!" అని వారు మొదలుపెట్టునప్పటికి ఆ హోటలులో కాలు మోప సందుండదు.

అది మొదలు ఒక్కొక్కటియే కరవగును. పూసకట్టిన నేయి కరవు. పూర్ణము నిండుగానున్న బూరె కరవు. పెద్దలు వచ్చినప్పుడు లేచి నిలుచుండు కుఱ్ఱవాడు కరవు. నిద్ర కూడ కరవే, అయితే ఆ నిద్ర మధ్యాహ్న భోజనానంతరము పట్టవలసిన రెండవ నిద్ర యని తరువాత తెలియును. వినువారు మాత్రము వారికేనాడును కరవు గాలేదు గనుక, కరవును గూర్చి కరవుతీర మాటలాడుదురు.

వారి పొలమునకు 1852లో ముగిసిన ధవళేశ్వరము ఆనకట్ట నీరు తాతల నాటినుండి పాఱుచున్నది. అంతకు ఇరువదియేండ్లు ముందు, నందన నామ సంవత్సరమున, గుంటూరు సీమలో అయిదులక్షల జనములో సుమారు రెండులక్షలమంది నశించిన ఆ డొక్కల కరవును ఎవరైన ప్రస్తావించినచో, "అదేం కరవయ్యా! ఈ హోటల్లో చట్నీ చూడు" అందురు.

అయినను, వారు మనసార ప్రేమించు కరవొకటి కలదు. మామయ్యగారు కేంద్రప్రభుత్వోద్యోగి. సిమ్లాలోని లేబర్ బ్యూరోవారు నెలనెలయు ప్రకటించు ధరల సూచికను, ఆడపిల్ల పెండ్లికి ముహూర్తము చూచు తండ్రి పంచాంగమును దిరుగవేసినంత శ్రద్ధగా బరిశీలించి, జనవరికి నెంత, జూలైకి నెంత కరవు భత్యము పెరుగునో, ప్రభుత్వము నోరు విప్పకమునుపే వేళ్లమీద లెక్క గట్టి చెప్పగల ప్రజ్ఞ వారిది. కందిపప్పు ధర విని కోమటిని దుకాణములో దూషించి, వీథి మలుపు తిరిగినంతనే అదే ధరకు లోలోన దండము పెట్టుకొందురు. ఉల్లి చవుకయైనదని యిల్లాలు సంతోషించిననాడు వారి మొగము మాడిపోవును. మొన్నటి విడత బకాయిలతో నుంగరము చేయించి, దానిని వ్రేల ద్రిప్పుచు, "బంగారం కరవైపోయింది" అని నిట్టూర్చిరి.

ఒకనాడు ఆ హోటలునకు, పెండ్లిపనిమీద వచ్చిన అనంతపురమువైపు రైతొకడు తటస్థించెను. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానతో సరిపెట్టుకొను జిల్లా యది. ఆ సీమలన్నిటను 1876-78లో ధాత కరవు విరుచుకుపడగా, పనికి వచ్చిన మగవానికి దినమెల్ల శ్రమించినందులకు ఒక పౌను ధాన్యమును ఒక అణాయును కూలిగా నిర్ణయించిన దొరతనము నాడుండెను. సహవ్యసని దొరికెనని మామయ్యగారికి ప్రాణము లేచివచ్చెను.

"ఏమండీ, మీవైపు కరవెలా ఉంది?"

"శెనక్కాయ యేసినాం సార్. వాన రావాల" అని యాతడు టీ త్రాగి, చిల్లర యిచ్చి, వెడలిపోయెను.

మామయ్యగారాతడు పోయినవైపు చాలసేపు జాలిగ జూచి, "పాపం, చెప్పుకోవడం కూడా చేతకాదు" అనిరి.

ఇట్టి వారు మీ యింటికిని రాకపోరు. వచ్చినచో కాఫీ యిండు, పలహారము పెట్టుడు, నమస్కరించుడు, "ఇంకొంచెము వడ్డించుమందురా?" అని మాత్రము అడుగకుడు, వడ్డించివేయుడు.