టెక్సాస్ పొగ, సర్కారు తుమ్మ

(శావల్యాపురం. సంక్రాంతి ముందు రోజులు. పెరట్లో అప్పుడే నరికించిన తుమ్మ మొద్దుకు అమెరికా అల్లుడు ఏదో పరికరం గుచ్చి చూస్తున్నాడు.)

మామ: ఏంది అల్లుడుగారూ, కట్టెకు జ్వరమా?

అల్లుడు: తేమ మీటరు మామయ్యా. డాలస్‌లో ఇది చూడందే మాంసం పొగబెట్టే నా స్మోకర్‌లో పుల్ల పెట్టను. 38 చూపిస్తోంది. 20 లోపుకి దిగాలి.

మామ: ముందు దాన్ని జేబులో పెట్టండి బాబూ! పత్తి కొనుగోలు కేంద్రంలో ఇట్టాంటిదే గుచ్చారు. 8 ఉంటే పూర్తి ధర, ఆ పైన కోత, 12 దాటిందా, ట్రాక్టరు ఇంటికి. 20కి కూడా పాసయ్యే పంట ఉందని తెలిస్తే పత్తి వేసేవాణ్ణే కాదు.

అల్లుడు: ఆ పంట మీ గట్ల నిండా ఉంది! ఇది టెక్సాస్ మెస్కీట్‌కి దగ్గర చుట్టం. అక్కడ ముక్కలు కొట్టి సంచుల్లో అమ్ముతారు, డాలర్లిచ్చి కొంటాం.

మామ: ఈ చిల్లకంపనా? పీకించడానికి నేను ప్రొక్లెయినుకి గంటల లెక్కన కడుతుంటే, మీరు కొంటున్నారా? అసలు దీన్ని మా నెత్తిన పెట్టిందెవరు?

అల్లుడు: అటవీ శాఖే. 1877లో జమైకా నుంచి విత్తనాలు తెప్పించి కడప జిల్లా కమలాపురంలో వేశారు.

మామ: సర్కారు పథకాల్లో అడక్కుండానే గడపగడపకీ అందింది ఇదొక్కటే.

అత్త: (వాకిట్లోంచి) పచ్చికట్టె జోలికి పోవద్దని చెప్పండి. కొసల్లో నురగ కక్కుద్ది, తెల్ల పొగొస్తది, కూర చేదెక్కుద్ది.

అల్లుడు: అదే క్రియోసోట్ అత్తయ్యా! డబ్బు కట్టి ఆన్‌లైన్ క్లాసులో నేర్చుకున్నాను.

అత్త: పేరు నాకు తెలియదు. గ్యాసు వచ్చిందాకా నా కళ్ళల్లోకే పోయింది. మొద్దును మొద్దుగా ఉంచితే లోపల ఎప్పటికి ఆరేను? నిలువునా చీల్చాలి. బెరడు కింద పురుగు చేరుద్ది, వలిచెయ్యాలి. ఇటుకల మీద గాలాడేటట్టు పేర్చి, పైన రేకు కప్పి, పక్కలు వదిలెయ్యాలి. రెండు ముక్కలు తాటిస్తే ఠంగుమనాలి. అప్పుడు పొయ్యిలోకి.

అల్లుడు: (ఫోన్‌లో రాసుకుంటూ) పొయ్యిలో వేసేముందు నీళ్ళల్లో నానబెడతారు కదా?

అత్త: నెలల తరబడి ఎండబెట్టింది మళ్ళీ నానబెట్టడానికా నాయనా?

అల్లుడు: అక్కడ కొందరు నానబెడతారండీ. తొందరైతే కిల్న్‌లో ఆరబెడతారు.

మామ: రెంటచింతల ఉన్న జిల్లాలో కిల్న్ ఎందుకండీ? ఉగాది దాటితే ఆకాశమే బట్టీ. రేపే బోర్డు రాయిస్తా: అసలు సిసలు టెక్సాస్ మెస్కీట్, కిలో లెక్కన.

అల్లుడు: చుట్టమేగానీ అదీ ఇదీ ఒకటి కాదు మామయ్యా. జాతి వేరు.

మామ: మాకు మిరప విత్తనం అమ్మేవాడు జాతి చూసే అమ్ముతున్నాడా?

అల్లుడు: అయితే కనుమకి పొట్టేలు తొడ పొగబెడదామా? పన్నెండు గంటలు సన్నసెగ మీద...

అత్త: కట్టె ఎండాకాలం దాటితేగానీ ఆరదు, మీ విమానం కనుమ మర్నాడు. మొద్దులు చీల్చి పేర్చిపోండి, పైసంవత్సరానికి పనికొస్తాయి. ఈ కనుమకి పొట్టేలు కుక్కర్లోనే.