ముప్పావు తిప్పు

గోదావరి జిల్లాల్లో ఏ పనైనా చాలీచాలకుండా చేయడం నామోషీ. అతిథి చాలన్నాక వడ్డించేదే మా దృష్టిలో అసలు వడ్డన. ఈ మర్యాద విస్తరి దగ్గర ఆగితే బాగుండేది. మోటార్ సైకిల్ ఆయిల్ ఫిల్టర్ దాకా వచ్చేసింది.

ఫిల్టర్ డబ్బా మీద కంపెనీవాడు బొమ్మలేసి మరీ చెబుతాడు: రబ్బరు రింగుకి కాస్త ఆయిల్ రాయండి, చేత్తో బిగించండి, రింగు ఇంజిన్‌కి ఆనాక ఇంకో ముప్పావు చుట్టు తిప్పి ఆపేయండి అని. ముప్పావట! ముప్పావు భోజనం పెట్టి లేపే ఇల్లు కోనసీమలో ఎక్కడైనా ఉందా? అంచేత మా మేనల్లుడి బండికి కిందటిసారి ఆయిల్ మార్చిన మహానుభావుడెవరో ముప్పావుని నిండు చేసి, కొసరు వేసి, ఆపైన పానాతో ఇంకో పట్టు పట్టి పంపాడు. రింగుకి ఆయిల్ రాయడం మాత్రం మరిచాడు. పొడి రబ్బరు వేడెక్కి చల్లారి, మళ్ళీ వేడెక్కి చల్లారి, ఇంజిన్‌కి అతుక్కుపోయింది.

మేనల్లుడిది రెండు సిలిండర్ల పెద్ద బండి. హైదరాబాద్ నుంచి అంబాజీపేటకి దానిమీదే వచ్చాడు. మా వీధికి ఈ జబ్బు కొత్త, ఎందుకంటే వీధినిండా స్ప్లెండర్లే. వాటికి విప్పి పారేసే ఫిల్టరే ఉండదు. లోపల ఓ జల్లెడ, గిర్రున తిరుగుతూ మురికిని అంచుకి నెట్టి పట్టే గిన్నె ఒకటి, అంతే. పల్సర్‌కి కాగితం ఫిల్టర్ ఉంది గాని మూత బోల్టులు విప్పితే చేతికొస్తుంది. డబ్బాకి డబ్బానే మర తిప్పి బిగించే ఈ రకం అమెరికాలో 1954లో పుట్టింది. మా వీధికి రావడానికే ఇన్నాళ్ళు పట్టింది.

వాడు బండి కింద పడుకున్నాడు. చుట్టూ మేము. ఎదురింటి బాబాయిగారు కాఫీ గ్లాసుతో వచ్చారు.

“ఎటు తిప్పుతున్నావ్, అబ్బాయ్?”

“ఎడమకండి.”

“ఎవరి ఎడమ?”

దాంతో సభ రెండుగా చీలింది. ఫిల్టర్ అడుగుని ఎదురుగా చూస్తూ గడియారం ముళ్ళకి వ్యతిరేకంగా తిప్పితే వదులవుతుంది. ఇందులో తగువేమీ లేదు. కాని పడుకున్నవాడి ఎదురు వేరు, సీటు మీంచి వంగి చూసేవాడి ఎదురు వేరు. పైనుంచి “ఆయ్, ఇటండి” అని చెయ్యి తిప్పి చూపిస్తున్న పెద్దాయన చూపేది అచ్చంగా బిగించే వైపు. వాడు మర్యాదస్తుడు, పెద్దల మాట కాదనలేక అటూ ఓ పట్టు పట్టాడు.

ఆయిల్ దించకముందే ఇంజిన్ కాసేపు వేడి చేశారు. ఫిల్టర్ కదల్లేదు గాని సైలెన్సర్ గొట్టం వాడి మోచేతిని పలకరించింది. ఉప్పుకాగితం చుట్టి తిప్పితే కాగితం ఊడొచ్చింది. అప్పుడు వెల్డింగ్ షాపు కుర్రాడు “స్క్రూడ్రైవర్ దింపెయ్యండి గురువుగారూ” అన్నాడు. డబ్బాలో అటునుంచి ఇటు గుచ్చి, దాన్నే పిడిలా పట్టుకు తిప్పడం లోకమంతా ఉన్న పద్ధతే. కాకపోతే రేకు పల్చన. తిప్పినకొద్దీ చీలిక చుట్టూ తిరిగిందే తప్ప ఇంజిన్ వైపు పళ్ళెం చలించలేదు. లోపలి మడతల కాగితం బయటపడింది. మిగిలిన నల్లాయిలు వాడి మణికట్టు దగ్గర బయల్దేరి చంక దాకా వెళ్ళింది.

ఆ సమయానికి కాలవగట్టు మీంచి తాడి గీసే మామయ్య వస్తున్నాడు, భుజాన మోకు. ఓసారి వంగి చూశాడు. “చివర పట్టుకుని లాగితే ఏం లాభమండీ? మొదట్లో పట్టాలి.”

కొబ్బరి పొట్టుతో జిడ్డంతా తుడిచాడు. పీచుతాడు తెప్పించి, ఇంజిన్‌కి ఆనుకున్న అంచు దగ్గర, రేకు ఇంకా చెక్కుచెదరని చోట, ఒత్తుగా నాలుగు చుట్లు వేశాడు. కొసని కర్రకి ముడేసి లాగాడు. లాగేకొద్దీ చుట్లు ఇంకా బిగుసుకుంటున్నాయి. ఆయన రోజూ చెట్టు మీద ప్రాణం అప్పజెప్పేది ఆ లెక్కకే మరి. అదే సూత్రానికి నాడాపట్టీ, పిడి తగిలించి బజార్లో ఫిల్టర్ రెంచ్ అని అమ్ముతారు. కిర్రుమంది. ఇంకో లాగు లాగాడు. వదిలింది.

కొత్త ఫిల్టర్ రింగుకి ఆయిల్ రాసి, వాడు ముప్పావు దగ్గర చెయ్యి తీసేస్తుంటే చూడలేక బాబాయిగారు లోపలికెళ్ళిపోయారు.

డబ్బులివ్వబోతే మామయ్య పుచ్చుకోలేదు. “ఆ నల్లాయిలు ఇప్పించండి, దడి గుంజలకి చెద పట్టింది” అన్నాడు. అంతే, ఊళ్ళో ఇన్ని గుంజలకి చెద పట్టిందని అప్పుడే తెలిసింది. ఎడమ వర్గం, కుడి వర్గం కూడా సీసాలు పట్టుకొచ్చాయి. చిరిగిన డబ్బాని వెల్డింగ్ కుర్రాడు అడిగి పట్టుకెళ్ళాడు. ఎందుకని మేము అడగలేదు. అడిగితే ఇంకో సలహా చెప్పేవాడు.