పెద్దరికానికి ఫుల్ టికెట్టు

మనిషి పెద్దవాడయ్యాడని మొట్టమొదట కనిపెట్టేది తండ్రి కాదు, పంతులూ కాదు. ఆర్టీసీ కండక్టరు. పన్నెండు దాటితే అర టికెట్టు చెల్లదు. "వాడికింకా పదకొండేనయ్యా, మనిషి ఏపుగా ఎదిగాడంతే" అంటూ అమ్మ కుర్రాణ్ణి సీట్లో కిందికి నొక్కుతుంది. కండక్టరు మూతిమీద నూగు చూసి ఫుల్ టికెట్టు కొడతాడు. మన దగ్గర పెద్దరికం నడిచే పద్ధతంతా ఆ ఒక్క టికెట్టులో ఉంది. మనతో పని పడ్డవాడు మనల్ని పెద్దవాళ్లని చేస్తాడు, పని తీరగానే చిన్నవాళ్లని చేసి ఇంటికి పంపేస్తాడు.

61వ రాజ్యాంగ సవరణ పుణ్యమా అని 1989 నుంచి పద్దెనిమిదేళ్లకే ఓటు. ఎన్నికల నెలలో గడపెక్కిన అభ్యర్థి ఇంటర్ తప్పిన కుర్రాణ్ణి కూడా "సార్, అంతా మీ చేతుల్లోనే ఉంది" అంటాడు. ఆ సారే అసెంబ్లీకి నిలబడాలంటే పాతికేళ్లు నిండాలి. నిండినా పార్టీ టికెట్టు రాదు. యాభై దాటిన యువనేత లైన్లో ముందే నిలబడి ఉన్నాడు మరి. (జుట్టుకి రంగు దొరికినన్నాళ్లు ఆయన యువతే. మోకాళ్ల నొప్పి సంగతి కార్యకర్తలు బయటపెట్టరు.)

చదువు అప్పు కాగితాల మీద సంతకం పెట్టేదాకా కొడుకు పెద్దవాడు. ఆ అప్పుతో ఏం చదవాలో చెప్పబోతే, "నోర్ముయ్, నీకేం తెలుసు?"

ఆడపిల్లకి ఈ గౌరవం ఇంకా తొందరగా దక్కుతుంది. ఏడో తరగతిలో ఉండగానే తాటాకు చాప మీద కూర్చోబెట్టి చిమ్మిలి పెడతారు. తరవాత ఫంక్షన్ హాలు, పట్టు ఓణీ, డ్రోన్ కెమెరా. ఊరి సెంటర్లో ఫ్లెక్సీ: కింది వరసలో మేనమామలు, పై వరసలో ఎమ్మెల్యే. తల్లీకూతుళ్ల మధ్య ఉండాల్సిన కబురు బస్సు కోసం నిలబడ్డవాళ్లంతా చదువుకుంటారు. ఇంత ఖర్చుపెట్టి పెద్దదైందని చాటారు కదా, మర్నాడు ఒక్కదాన్నీ వీధి చివరి కొట్టుదాకా వెళ్లనివ్వండి చూద్దాం! "పెద్దదానివయ్యావ్, ఇంట్లో పడుండు." సైకిలు తమ్ముడి పాలవుతుంది.

ఆ పిల్లే ఇరవై నాలుగేళ్లకి ఉద్యోగం చేసి ఇంటి ఈఎంఐ కడుతుంది. అప్పుడు "మా అమ్మాయే మాకు కొడుకు." ఫలానావాణ్ణి చేసుకుంటానందో, రాత్రికి రాత్రే వయసు తగ్గిపోతుంది: "పసిపిల్ల, వాడేదో మాయచేశాడు." ఇద్దరు మేజర్లు ఇష్టపడితే ఇంటివాళ్ల అనుమతీ కులం అనుమతీ అక్కర్లేదని 2018 మార్చిలో శక్తివాహిని కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ సెప్టెంబరులోనే మిర్యాలగూడలో పరువు పేరిట జరిగిన హత్య ఏం జవాబిచ్చిందో చూశాం.

సరే, చట్టప్రకారమే చేసుకుందామని రిజిస్ట్రారు ఆఫీసుకి వెళితే 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం ఉంది. కాగితాల్లో వయసు చూస్తారు, మేజరేనని ఒప్పుకుంటారు, ఒప్పుకుని పేర్లు నోటీసు బోర్డుకెక్కిస్తారు. ఎవరికైనా అభ్యంతరముంటే చెప్పుకోవడానికి 30 రోజులు. పన్నెండేళ్లప్పుడు సెంటర్లో ఆమె ఫ్లెక్సీ కట్టినప్పుడు మాత్రం ఎవరూ ఎవర్నీ అభ్యంతరాలు అడగలేదు. మున్సిపాలిటీ అనుమతి కూడా తీసుకోలేదు.