నాలుగు చీటీలు

మీ దగ్గర దాచేదేముంది. ఇరవై రెండేళ్లు డిగ్రీ పిల్లలకు ‘జూలియస్ సీజర్’ పాఠం చెప్పాను. బ్రూటస్ ఏ గుంటలో పడ్డాడో ఏటా వేలు పెట్టి చూపించాను. చివరికి హైదరాబాద్‌లోని మా జహనుమా గల్లీలో నేనూ అదే గుంటలో పడ్డాను.

కథ మీకు తెలిసిందే, ఒక్క చోటు మాత్రం గుర్తు చేస్తాను. షేక్స్పియర్ 1599 ప్రాంతంలో రాసిన ఈ నాటకంలో సీజర్ మూడో అంకంలోనే చచ్చిపోతాడు. మిగతాదంతా బ్రూటస్‌దే. నన్నడిగితే మొదటి నుంచీ అతనిదే. కాసియస్‌కు సీజర్ అంటే కడుపుమంట. కానీ అతని మాట మీద జనం కదలరు, మచ్చలేని బ్రూటస్ పక్కన ఉండాలి. అందుకని వేరువేరు చేతిరాతల్లో చీటీలు తయారుచేసి బ్రూటస్ ఇంట్లో పడేయిస్తాడు. రోమ్ అంతా నీ వైపే చూస్తోందని వాటి సారాంశం. ఆకాశంలో రాలుతున్న ఉల్కల వెలుగులో బ్రూటస్ వాటిని చదువుకుంటాడు. నగరం పిలిచిందనుకుంటాడు. పిలిచింది ఒక్కడే. ఆ పిలుపు నమ్మే స్నేహితుడైన సీజర్‌ను పొడుస్తాడు.

వావిలాల వాసుదేవశాస్త్రి 1876లోనే దీన్ని ‘సీజరు చరిత్రము’గా తెలుగు చేశారు. అంటే ఈ చీటీల మోసం తెలుగువాళ్లకు ఎప్పటి నుంచో తెలుసు. నేనైతే మన ఊరి కథ కలిపి చెప్పేవాణ్ణి. 1687లో ఎనిమిది నెలలు ఔరంగజేబుకు లొంగని గోల్కొండ, కోటలోని సర్దారు అబ్దుల్లా ఖాన్ పన్నీ లంచం మేసి తలుపు తీయించడంతో పడిపోయింది. అబ్దుల్ రజాక్ లారీ ఒళ్లంతా గాయాలయ్యేదాకా సుల్తాన్ తానీషా కోసం పోరాడాడు. డబ్బుకు అమ్ముడుపోయినవాడి ద్రోహం పిల్లలకు చిటికెలో అర్థమయ్యేది. పైసా ముట్టని బ్రూటస్ ద్రోహమే అర్థమయ్యేది కాదు. నేను మంచివాణ్ణి కాబట్టి నేను చేసేదీ మంచే అన్న నమ్మకం మనిషినెంత దూరం తీసుకెళ్తుందో చెప్పడానికి నాకు రెండు పీరియడ్లు పట్టేవి.

మా బస్తీ సంఘానికి పదిహేనేళ్లుగా ఒకే అధ్యక్షుడు. పెద్దాయన. బోరు చెడినా, మోరీ పొంగినా అర్ధరాత్రి లుంగీ ఎగ్గట్టి వచ్చేవాడు. ఊరంతా నన్ను ‘సార్’ అంటే ఆయన ఒక్కడే ‘తమ్మీ’ అనేవాడు. కొంచెం మొండి, ఎవరి మాటా వినడు. ఆ ఏడాది మా గుమ్మం కింద నుంచి చీటీలు రావడం మొదలైంది. వారంలో నాలుగు. రూళ్ల కాగితం చింపి రాసినవి. బస్తీకి మీరే దిక్కు, లెక్కలడిగే ధైర్యం మీకే ఉంది, మీరు నిలబడితే అందరం వస్తాం.

నాలుగోది వచ్చిన రాత్రి నిద్రపోయానా! జహనుమా మొత్తం నా గుమ్మం ముందు నిలబడి పిలుస్తున్నట్టే ఉంది. పొగిడితే కరగని మనిషెవరండీ? అందులోనూ మన నిజాయితీని పొగిడితే!

ఆదివారం మీటింగు. లేచాను. మోటారు రిపేరు కింద పదకొండు వేలకు లెక్క తేలలేదన్నాను. ఆయన ఏదో చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టి ఆపాను. ఆయనంటే నాకెంత గౌరవమో చెప్పాను, బస్తీ అంతకన్నా గొప్పదన్నాను, బ్రూటస్ ఫోరంలో చేసిన వాదమే, రోమ్ ఉన్న చోట బస్తీ పెట్టాను, చప్పట్లు మోగాయి, చేతులు లేచాయి, పది నిమిషాల్లో పదిహేనేళ్లు అయిపోయాయి. ఆయన పంపు గది తాళంచెవి, లెక్కల పుస్తకం నా చేతిలో పెట్టాడు.

“తమ్మీ, రెండో పేజీకి అంటిచ్చిన రసీదు ఊడిపోతున్నది. జర పైలం,” అన్నాడు. అంతే.

ఆ రాత్రి పుస్తకం తెరిచాను. గోధుమపిండి జిగురు ఎండి, రసీదు ఒక్క మూల మీద వేలాడుతోంది. పదకొండు వేలు. మోటారు కాయిల్ కట్టించడానికి ఆయన జేబులోంచి పెట్టినవి. సంఘమే ఆయనకు బాకీ. సీజర్ చచ్చాక అతని వీలునామా చదివితే, ఊళ్లో ప్రతి మనిషికీ డబ్బు రాసిపెట్టాడని బయటపడుతుంది చూడండి, ఆ ఘట్టం చెప్తూ ఎన్నిసార్లు క్లాసులో గొంతు పెంచానో! ఆ రాత్రి నోట మాట రాలేదు.

అప్పుడు చీటీలు తీశాను. నాలుగూ పక్కపక్కన పరిచాను. ఒకటి ఎడమకు వాలిన రాత, ఒకటి గుండ్రం, ఒకటి పెద్దక్షరాలు, ఒకటి కోడిగీతలు. నాలుగింటిలోనూ ‘అధ్యక్షుడు’ అన్న మాటలో ధకు వత్తు లేదు. నాలుగింటిలోనూ! వేల పేపర్లు దిద్దిన కళ్లు ఇవి. పొగడ్త మీదే నిలిచిపోయి, వత్తు చూడలేదు. కొత్త మోటారు బేరం మీద కన్నేసినవాడు ఆ వారంలోనే బిల్లుపుస్తకం పట్టుకుని మా ఇంటికొచ్చాడు. బిల్లు పైన అదే మాట, అదే తప్పు.

తర్వాతి మీటింగులో లేచి ఉన్నదున్నట్టు చెప్పాను. ఈసారి చప్పట్లు లేవు. అధ్యక్ష పదవి మళ్లీ తీసుకోమంటే ఆయన ఒప్పుకోలేదు. పదకొండు వేలు పట్టుకుని ఆయన ఇంటికి వెళ్లాను. తప్పయిందన్నాను. నోట్లు రెండుసార్లు లెక్కపెట్టుకుని లోపల పెట్టించాడు. చాయ్ తెప్పించాడు. మా మనవరాలి చదువు గురించి అడిగాడు, ఏ కోపమూ చూపలేదు.

కుర్చీ నా వైపు జరిపి, “కూసోండి సార్,” అన్నాడు.